ఆట ప్రమాదకరమని తెలిసే దిగారు కదా, మరి లీగ్ బాధ్యత ఎక్కడిది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. అమెరికన్ ఫుట్‌బాల్ అంటేనే మనిషి మీద మనిషి పడే ఆట. ఆడేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు, ఇష్టపడే ఆడారు, కోట్లూ సంపాదించారు. రిటైరయ్యాక జ్ఞాపకశక్తి పోయిందని వేల మంది కలిసి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్ఎఫ్ఎల్) మీద దావా వేస్తే అది ఎలా నిలబడింది? మనం టార్ట్స్ (ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి కలిగిన నష్టానికి పరిహారం) పాఠంలో చదువుకునే 'వోలెంటి నాన్ ఫిట్ ఇంజూరియా', అంటే ఒప్పుకుని తెచ్చుకున్న గాయానికి పరిహారం లేదన్న సూత్రం, ఇక్కడ ఏమైంది? మూట్ కోర్టులో, అంటే లా విద్యార్థుల నమూనా కోర్టు పోటీలో, ఈ అంశం వచ్చిందని కూడా రాశారు.

నేను విశాఖలో లా చదివి అమెరికా వచ్చాను. ఇరవై ఏళ్లకు పైగా ఫిలడెల్ఫియా చుట్టుపక్కల గాయాల కేసులు, పనిలో దెబ్బతిన్నవారి కేసులు చూస్తున్నాను. ఈ దావా నడిచిన ఫెడరల్ కోర్టు కూడా ఈ ఊళ్లోనే ఉంది. పెద్ద న్యాయవాదుల బృందంలో నేను లేను కానీ, రాజీ కుదిరిన తర్వాత కొందరు మాజీ ఆటగాళ్ల కుటుంబాలకు కాగితాలు సిద్ధం చేసిపెట్టాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

సూటిగా జవాబు: ఆట ప్రమాదకరమైనందుకు లీగ్ మీద దావా వేయలేదు. ప్రమాదం ఎంతటిదో తెలుసుకుని చెప్పే పనిని లీగ్ తన భుజానికెత్తుకుంది. ఆ తర్వాత 'ఏమీ కాదు' అని చెప్పింది. ఆ మాటకు బాధ్యత వహించాలని దావా వేశారు. ఆటగాళ్లు మోకాలు విరుగుతుందని ఒప్పుకున్నారు, వేలు తెగుతుందని ఒప్పుకున్నారు, కాసేపు కళ్లు తిరుగుతాయనీ ఒప్పుకున్నారు. యాభై ఏళ్లకే ఇంటి దారి మరిచిపోతామన్నది వాళ్లు ఒప్పుకున్న జాబితాలో లేదు. ఎరగని ప్రమాదానికి ఒప్పుకోలు ఉండదు. వోలెంటి సూత్రంలోనే ఆ మెలిక ఉంది. ప్రమాదం ఉందని తెలియడం చాలదు, దాని స్వభావం, తీవ్రత తెలిసి ఒప్పుకుని ఉండాలి.

అయితే రెండో సంగతి కూడా ఇప్పుడే చెప్పాలి. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. లీగ్ తప్పు చేసిందని ఏ కోర్టూ తీర్పు ఇవ్వలేదు. కేసు విచారణ దాకా వెళ్లలేదు, రాజీతో ముగిసింది. ఆ రాజీ పత్రంలో లీగ్ తన బాధ్యతను ఒప్పుకోలేదు. కాబట్టి మూట్ కోర్టులో 'లీగ్ బాధ్యత రుజువైంది' అని వాదిస్తే, ఎదుటి పక్షంవారు మొదటి నిమిషంలోనే మిమ్మల్ని నిలదీస్తారు.

ఒక పోలిక చెబుతాను. దారిన పోయేవారికి వాగు లోతు చెప్పాల్సిన బాధ్యత మామూలుగా నాకు లేదు. చూసుకుని దిగడం వాళ్ల పని. కానీ నేనే గట్టు మీద నిలబడి, చేతిలో గెడ పట్టుకుని, 'నేను కొలిచాను, మోకాలి లోతే, దిగండి' అంటే? అప్పుడు ఆ మాట నమ్మి దిగి కొట్టుకుపోయినవారి పట్ల నాకు బాధ్యత ఉంది. అడగకుండా నెత్తినేసుకున్న పని అయినా సరే, నెత్తినేసుకున్నాక జాగ్రత్తగా చేయాలి. అమెరికన్ న్యాయశాస్త్రంలో దీన్ని స్వచ్ఛందంగా స్వీకరించిన బాధ్యత అంటారు. ఆటగాళ్ల దావాకు మూలస్తంభం ఇదే.

ఎన్ఎఫ్ఎల్ గెడ చేతపట్టిన సంవత్సరం 1994. అప్పటి కమిషనర్ పాల్ టాగ్లియాబ్యూ తల దెబ్బల మీద ఒక కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు ఇలియట్ పెల్మన్. న్యూయార్క్ జెట్స్ జట్టు వైద్యుడాయన. ఆయన ప్రత్యేక చదువు కీళ్లవాతానికి సంబంధించినది, మెదడుకు సంబంధించినది కాదు. ఈ కమిటీ 2003 నుంచి 'న్యూరోసర్జరీ' అనే వైద్య పత్రికలో వరుసగా పరిశోధన వ్యాసాలు ప్రచురించింది. కంకషన్ (తల కుదుపు దెబ్బ) తగిలిన ఆటగాడు అదే మ్యాచ్‌లో మళ్లీ దిగినా చెప్పుకోదగ్గ ముప్పు లేదని, పదే పదే తగిలిన దెబ్బల వల్ల ఆటగాళ్ల మెదడుకు శాశ్వత నష్టం కనిపించలేదని ఆ వ్యాసాల సారాంశం. 2007లో ఆటగాళ్లకు పంచిన కరపత్రంలోనూ అదే ధోరణి ఉంది. దెబ్బను సరిగా చూసుకుంటే, ఒకటి రెండు కంకషన్ల కంటే ఎక్కువైనా శాశ్వత సమస్యలు వస్తాయని పరిశోధనలో తేలలేదన్నారు.

కంకషన్ అంటే పుర్రె పగలడం కాదు. పుర్రె లోపల ద్రవంలో తేలే మెదడు ఒక్కసారిగా కుదుపుకు గురై, కొంతసేపు పని తడబడటం. హెల్మెట్ ఎముకను కాపాడుతుంది కానీ లోపలి కుదుపును ఆపలేదు. బాక్సర్లకు ఇలాంటి దెబ్బల వల్ల మతి చెడుతుందన్న సంగతి వైద్యులకు 1928 నుంచే తెలుసు. ఆ ఏడాది హారిసన్ మార్ట్‌లాండ్ అనే న్యూజెర్సీ వైద్యుడు దాని మీద వ్యాసం రాశారు. ఆటగాళ్ల తరఫువారు ఈ పాత చరిత్రను దావాలో బలంగా వాడుకున్నారు. తెలియదనడానికి వీల్లేదు, దశాబ్దాలుగా వైద్యలోకం చెబుతూనే ఉందన్నారు.

ఇక మైక్ వెబ్‌స్టర్ సంగతి. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టులో సెంటర్ స్థానం ఆటగాడు, నాలుగు సూపర్‌బౌల్ (లీగ్ ఫైనల్) విజయాల్లో భాగస్వామి, 1997లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కిన మనిషి. చివరి సంవత్సరాల్లో ట్రక్కులోనే పడుకున్నాడు. 2002 సెప్టెంబరులో యాభై ఏళ్లకు చనిపోయాడు. నైజీరియా నుంచి వచ్చిన బెనెట్ ఒమాలు అనే పాథాలజిస్టు అతని మెదడును పరీక్షించి, టౌ అనే ప్రొటీన్ ముద్దలు పేరుకుపోయిన తీరును గుర్తించారు. ఆ జబ్బు పేరు క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతీ, పొట్టిగా సీటీఈ. 2005లో ఒమాలు దాన్ని అదే 'న్యూరోసర్జరీ' పత్రికలో ప్రచురిస్తే, లీగ్ కమిటీ సభ్యులు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలని పత్రికకు రాశారు. పత్రిక తీసుకోలేదు.

వెబ్‌స్టర్ విషయంలో ఒక న్యాయవాదిగా నన్ను ఇప్పటికీ కలవరపెట్టే వివరం ఇంకొకటి ఉంది. 1999లోనే లీగ్ పెన్షన్ పథకం బోర్డు అతను పూర్తిగా, శాశ్వతంగా అశక్తుడని తేల్చి భత్యం మంజూరు చేసింది. తలకు తగిలిన దెబ్బలే కారణమన్న వైద్యుల నివేదికలు ఆ ఫైలులో ఉన్నాయి. భత్యం ఏ తేదీ నుంచి ఇవ్వాలన్న గొడవ అతని మరణం తర్వాత కూడా నడిచి, 2006 డిసెంబరులో ఫోర్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టులో కుటుంబం గెలిచింది. అంటే ఒక గదిలో మెదడు దెబ్బకు డబ్బు ఇస్తున్నారు, పక్క గదిలో అలాంటి జబ్బు ఆధారాలు లేవని వ్యాసాలు రాస్తున్నారు. అయితే వాదనలో జాగ్రత్తగా ఉండండి. ఆ బోర్డులో యజమానుల ప్రతినిధులు సగం, ఆటగాళ్ల సంఘం ప్రతినిధులు సగం. బోర్డుకు తెలిసింది లీగ్‌కు తెలిసినట్లేనా అన్నది వేరే ప్రశ్న. లీగ్ తరఫు న్యాయవాది తప్పక అడుగుతాడు.

2009 అక్టోబరులో అమెరికన్ కాంగ్రెస్ న్యాయవ్యవహారాల కమిటీ ముందు కమిషనర్ రోజర్ గుడెల్ హాజరయ్యారు. ఫుట్‌బాల్‌కూ ఈ జబ్బులకూ సంబంధం ఉందా అని అడిగితే సూటిగా బదులివ్వలేదు. సిగరెట్టు కంపెనీలు క్యాన్సర్ విషయంలో ఇలాగే మాట్లాడేవని కాలిఫోర్నియా సభ్యురాలు లిండా సాంచెజ్ అన్నారు. ఆ పోలిక దేశమంతా నిలిచిపోయింది. అదే ఏడాది డిసెంబరులో లీగ్ ప్రతినిధి మొదటిసారి ఒప్పుకున్నారు, కంకషన్ల వల్ల దీర్ఘకాలిక సమస్యలు రావచ్చని. 1994 నుంచి 2009 దాకా గడిచిన ఈ పదిహేనేళ్లే ఆటగాళ్ల కేసుకు గుండెకాయ.

మీరు భారతదేశంలో చదువుతున్నారు కాబట్టి మన చట్టంలోకి అనువదించి చూడండి, ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో సెక్షన్ 17 మోసాన్ని నిర్వచిస్తుంది. ఒక వాస్తవం తెలిసి కూడా దాన్ని చురుగ్గా దాచిపెట్టడం మోసమేనంటుంది. కేవలం మౌనం మాత్రం మోసం కాదు, మాట్లాడాల్సిన బాధ్యత ఉన్నప్పుడు తప్ప. లీగ్ కేవలం మౌనంగా ఉండి ఉంటే కేసు బలహీనపడేది. కమిటీ వేసి, వ్యాసాలు రాయించి, కరపత్రాలు పంచింది కనుకనే మౌనం అన్న వాదన నిలవడం కష్టమైంది. కాలపరిమితి చట్టం, 1963లోనూ సెక్షన్ 17 ఉంది. మోసంతో దాచిన సంగతి బయటపడేదాకా, లేదా తగిన శ్రద్ధతో తెలుసుకోగలిగేదాకా గడువు మొదలు కాదంటుంది. 1970ల్లో ఆడినవారు 2011లో దావా వేయడానికి అమెరికన్ చట్టంలో దారి తెరిచిందీ ఇలాంటి ఆలోచనే. రెండు వేర్వేరు చట్టాల్లో ఒకే అంకె ఉంది కనుక మీకు గుర్తుపెట్టుకోవడం సులువు.

ఇప్పుడు ఆటగాళ్ల వైపు ఉన్న లోపాలు. గట్టివే ఉన్నాయి.

మొదటిది, కారణ సంబంధం. ఒక ఆటగాడు హైస్కూలులో నాలుగేళ్లు, కాలేజీలో నాలుగేళ్లు ఆడి, ఆ తర్వాత లీగ్‌లో మూడేళ్లు ఆడాడనుకోండి. అతని జబ్బులో ఎంత వాటా ఏ దెబ్బది? పైగా సీటీఈని ఖాయంగా నిర్ధారించడం మరణానంతరం మెదడును కోసి చూస్తేనే సాధ్యం. 2017లో బోస్టన్ యూనివర్సిటీ బృందం మాజీ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల 111 మెదళ్లు పరీక్షిస్తే 110లో సీటీఈ కనిపించింది. ఈ అంకెను పట్టుకుని 'ఆడినవారిలో 99 శాతానికి జబ్బు' అని రాసినవారిని చాలామందిని చూశాను. అది తప్పు. అవి కుటుంబాలు దానం చేసిన మెదళ్లు. లక్షణాలు కనిపించిన కుటుంబాలే ఎక్కువగా దానం చేస్తాయి. ఆ సంగతి పరిశోధకులే వ్యాసంలో చెప్పారు. కోర్టులో ఈ అంకెను అతిగా వాడితే ఎదురుప్రశ్నల్లో మీ సాక్షే దెబ్బతింటాడు.

రెండోది, సామూహిక ఒప్పందం అనే గోడ. ఆటగాళ్ల సంఘానికీ యజమానులకూ మధ్య ఒప్పందాలు ఉంటాయి. 1947 నాటి ఫెడరల్ కార్మిక చట్టం, సెక్షన్ 301 ప్రకారం, ఆ ఒప్పందాన్ని వ్యాఖ్యానిస్తే తప్ప తేలని వివాదం కోర్టుకు రాకూడదు, ఒప్పందంలో చెప్పిన ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పుకే) పోవాలి. వైద్యం, భద్రత గురించి ఒప్పందంలో రాసుకున్నాం కాబట్టి ఈ దావాలన్నీ కొట్టేయండని లీగ్ వాదించింది. ఇది తేలికైన వాదన కాదు. మాజీ ఆటగాడు డేవ్ డ్యూయర్సన్ కుటుంబం వేసిన దావాలో 2012లో చికాగో ఫెడరల్ జడ్జి ఈ విషయంలో లీగ్ వైపే మొగ్గారు. ఆటగాళ్లు రెండు రకాలుగా బదులిచ్చారు. మోసం చేయకూడదన్న బాధ్యత ఏ ఒప్పందం నుంచీ పుట్టలేదు, అందరికీ వర్తించే సాధారణ న్యాయం నుంచి పుట్టిందన్నారు. 1987 నుంచి 1993 వరకు అసలు సామూహిక ఒప్పందమే అమల్లో లేదు కదా, ఆ కాలంలో ఆడినవారి మాటేమిటని అడిగారు.

పక్కనే ఇంకో గోడ ఉంది. పనిలో దెబ్బతిన్న మనిషి యజమాని మీద మామూలు దావా వేయలేడు, కార్మిక పరిహారం మాత్రమే అడగగలడు. ఆటగాడికి యజమాని జట్టు. అందుకే దావాలు జట్ల మీద కాకుండా ప్రధానంగా లీగ్ మీద, హెల్మెట్లు తయారుచేసే రిడెల్ కంపెనీ మీద వచ్చాయి. కార్మిక పరిహారం దారి కూడా ఇరుకైంది. వేరే రాష్ట్రాల జట్లకు ఆడిన మాజీ క్రీడాకారులు చాలామంది కాలిఫోర్నియాలో అర్జీ పెట్టుకునేవారు. 2013లో ఆ రాష్ట్రం చట్టం మార్చి ఆ తలుపు దాదాపు మూసేసింది.

దావాల వరస ఇలా నడిచింది. 2011 జులైలో లాస్ ఏంజెలిస్‌లో 75 మంది ఆటగాళ్లు మొదటి దావా వేశారు. ఆగస్టులో మాజీ ఆటగాడు రే ఈస్టర్లింగ్, మరికొందరు ఫిలడెల్ఫియాలో వేశారు. తీర్పు చూడకుండానే ఈస్టర్లింగ్ 2012 ఏప్రిల్‌లో ప్రాణం తీసుకున్నాడు. మరుసటి నెలలో జూనియర్ సేయావు అనే ప్రముఖ ఆటగాడు కూడా అలాగే పోయాడు. దేశం నలుమూలల కేసులన్నీ ఫిలడెల్ఫియాలో జడ్జి అనీటా బ్రోడీ ముందుకు చేరాయి. దావాదారులు 4,500 దాటారు. సెక్షన్ 301 మీద వాదనలు విన్న జడ్జి తీర్పు చెప్పకుండా మధ్యవర్తి దగ్గరికి పంపారు. ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియని ఆ స్థితిలోనే, 2013 ఆగస్టులో 76.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

ఈ రాజీలో నాకు అన్నింటికంటే గౌరవం కలిగించిన ఘట్టం 2014 జనవరిలో వచ్చింది. రెండు పక్షాలూ చేతులు కలుపుకుని వచ్చి సంతకం పెట్టమంటే జడ్జి బ్రోడీ పెట్టలేదు. ఇరవై వేల మంది మాజీ ఆటగాళ్లకు 65 ఏళ్ల పాటు ఈ డబ్బు సరిపోతుందా అని ప్రశ్నించారు. ఆ ఒక్క ప్రశ్నతో పరిహారం మీది పరిమితి పోయింది. ఎంతమంది అర్హులైతే అంతమందికి ఇవ్వాల్సిందేనని కొత్త ఒప్పందం వచ్చింది. 2015 ఏప్రిల్ 22న తుది ఆమోదం పొందింది. థర్డ్ సర్క్యూట్ అప్పీలు కోర్టు 2016లో దాన్ని సమర్థిస్తూ, పరిపూర్ణం కాకపోయినా న్యాయమైనదేనంది. 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. ఇప్పటికి వంద కోట్ల డాలర్లకు పైగా చెల్లింపులు ఖరారయ్యాయి. ఆ ఒక్క జడ్జి 'సరే' అని ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

పరిహారం గరిష్ఠంగా ఇలా ఉంటుంది. నాడులు చచ్చి కండరాలు పనిచేయకుండా పోయే ఏఎల్ఎస్‌కు 50 లక్షల డాలర్లు, మరణించినవారిలో సీటీఈ నిర్ధారణ అయితే 40 లక్షలు, అల్జీమర్స్‌కు, పార్కిన్సన్స్‌కు 35 లక్షలు, ముదిరిన డిమెన్షియాకు (మతి క్షీణించే జబ్బుకు) 30 లక్షలు, తొలిదశ డిమెన్షియాకు 15 లక్షలు. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. లీగ్‌లో ఐదు సీజన్ల కంటే తక్కువ ఆడితే తగ్గుతుంది. ఆటగాళ్లకు దక్కిన అతి పెద్ద లాభం అంకెల్లో లేదు. ఈ జబ్బు ఎన్ఎఫ్ఎల్ ఆట వల్లే వచ్చిందని ఎవరూ రుజువు చేయనక్కరలేదు. నేను పైన చెప్పిన కారణ సంబంధం అనే కొండను రాజీ పక్కకు జరిపింది.

దానికి చెల్లించిన మూల్యం కూడా చెప్పాలి. సీటీఈతో మరణానికి పరిహారం 2015 ఏప్రిల్ 22కు ముందు చనిపోయినవారికే. ఆ తర్వాత చనిపోయినవారి మెదడులో అదే జబ్బు కనిపించినా, ఆ పేరు మీద ఒక్క డాలరు రాదు. ఏ జబ్బు పేరుతో ఈ పోరాటమంతా మొదలైందో ఆ జబ్బే భవిష్యత్తుకు లేకుండా పోయింది. శాస్త్రం ఇంకా పసిదశలో ఉంది, బతికుండగా తేల్చలేని దాన్ని అడ్డం పెట్టుకుంటే ఏమీ రాకపోవచ్చు అన్నది కోర్టుల సమాధానం. కుంగుబాటు, పట్టరాని కోపం, ఆత్మహత్య ఆలోచనలు కూడా విడిగా పరిహారం కిందికి రావు. ఆ కుటుంబాల్లో ఇల్లు కూల్చింది తరచుగా అవే. ఒక భార్య నాతో అన్న మాట మరవలేను: 'ఆయన నా పేరు మరిచిపోతే డబ్బిస్తారు, నా మీద చెయ్యెత్తితే ఇవ్వరు.' న్యాయవాదిగా నేను ఈ రాజీని సమర్థిస్తాను. కానీ ఆవిడకు చెప్పడానికి నా దగ్గర సమాధానం లేకపోయింది.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను, గుర్తుపట్టే వివరాలు తీసేసి. ఆయన 1980ల్లో ఎన్ఎఫ్ఎల్‌లో ముందు వరస (లైన్) ఆటగాడిగా రెండు సీజన్లు ఆడారు. తర్వాత గిడ్డంగిలో పనిచేశారు. 'కోట్లు సంపాదించారు' అని మీరు రాశారే, ఆ తరంలో చాలామంది బతుకు అలా లేదు. నేను కలిసేనాటికి ఇరవై ఏళ్లుగా వెళ్తున్న దుకాణం నుంచి ఇంటికి దారి తెలియక నిలబడిపోతున్నారు. వంటింటి అల్మారాలన్నింటికీ ఆయన భార్య చీటీలు అంటించారు. ఆవిడ గోడ క్యాలెండర్లు పారేయకుండా దాచారు. ఆయన దారి తప్పిన ప్రతి రోజునూ ఎర్ర సిరాతో గుర్తుపెట్టారు, ఎనిమిదేళ్ల పాటు. డిమెన్షియా అని తేలడానికి మెదడు పనితీరు పరీక్షలో వచ్చిన మార్కులు మాత్రమే చాలవు. నిత్యజీవితం దెబ్బతిన్నట్లు ఆధారం కావాలి. రికార్డులు లేకపోతే కుటుంబ సభ్యులు కాని మనిషి ప్రమాణపత్రం కావాలి. పక్కింటాయన ఇచ్చారు, మూడుసార్లు వీధి చివర నుంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చానని. అర్జీ మంజూరైంది. రెండు సీజన్లే కాబట్టి అందులో 60 శాతం కోత పడింది. న్యాయవాదుల రుసుము మీద కోర్టు 22 శాతం పరిమితి విధించింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ మిగిలిన దాంట్లోనూ మూడో వంతు పోయేది.

రాజీలో అన్నింటికంటే చేదైన అధ్యాయం జాతి పేరుతో వేసిన లెక్క. డిమెన్షియా అని చెప్పాలంటే మనిషి ఒకప్పుడు ఎలా ఉండేవాడో, అక్కడి నుంచి ఎంత పడిపోయాడో చూడాలి. వైద్యులు వాడిన పట్టికల్లో నల్లజాతివారి ఆరంభస్థాయే తక్కువని ముందుగా ఊహించుకున్నారు. ఫలితంగా ఒకే మార్కులు వచ్చిన ఇద్దరిలో తెల్లవాడు అర్హుడు, నల్లవాడు కాడు. మాజీ ఆటగాళ్లలో సగానికి పైగా నల్లజాతివారే. కెవిన్ హెన్రీ, నాజె డావెన్‌పోర్ట్ అనే ఇద్దరు 2020లో దీని మీద కోర్టుకెక్కారు. వాళ్ల దావా 2021 మార్చిలో కొట్టేశారు కానీ, అప్పటికే విషయం అందరి నోటా పడింది. ఆటగాళ్ల భార్యలు వేలాది సంతకాలు సేకరించారు. జూన్‌లో లీగ్ ఆ పద్ధతి మానేస్తామంది. 2022 మార్చిలో ఆ పద్ధతిని తొలగించే మార్పును జడ్జి బ్రోడీ ఆమోదించారు, పాత పరీక్షలను తిరిగి లెక్కగట్టారు. రాజీ కుదిరిందంటే కేసు ముగిసిందని అనుకోకండి. రాజీపత్రం అనుబంధాల్లో ఉండే పట్టికలే మనుషుల బతుకును తేలుస్తాయి.

రాజీ పడకుండా పోరాడి ఉంటే? రెండు ఉదాహరణలు చూడండి. ఐస్ హాకీ ఆటగాళ్లు నేషనల్ హాకీ లీగ్ మీద దాదాపు ఇదే దావా వేశారు. 2018 జులైలో మిన్నెసోటా జడ్జి దాన్ని సమష్టి దావాగా నడపడానికి ఒప్పుకోలేదు. నవంబరులో మొత్తం 1.89 కోట్ల డాలర్లకు రాజీ అయింది, అందులో మనిషికి నగదుగా దక్కేది సుమారు 22 వేల డాలర్లు. ఆరోపణలు దగ్గరదగ్గరగా ఉన్నా, సమష్టిగా నిలబడలేకపోవడంతో ఫలితం ఇంత మారిపోయింది. రెండోది మ్యాథ్యూ గీ కేసు. కాలేజీ ఆటగాడు, 2018లో చనిపోయాడు, మెదడులో సీటీఈ ఉంది. కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ మీద అతని భార్య 5.5 కోట్ల డాలర్లు కోరారు. 2022 నవంబరులో లాస్ ఏంజెలిస్ జ్యూరీ సంస్థ నిర్లక్ష్యం లేదంది. మరణానికి ఇతర కారణాలున్నాయన్న వాదన జ్యూరీ ముందు గట్టిగా వచ్చింది. మళ్లీ అదే కారణ సంబంధం.

మన దగ్గర ఫుట్‌బాల్ అంటే సాకర్ కాబట్టి దాని గురించి కూడా ఒక ముక్క. వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ ఆటగాడు జెఫ్ ఆసిల్ 2002లో 59 ఏళ్లకు చనిపోతే, బంతిని తలతో కొట్టి కొట్టి వచ్చిన 'వృత్తి సంబంధ వ్యాధి' అని మరణ విచారణాధికారి తేల్చారు. 2019లో గ్లాస్గో పరిశోధకులు 7,676 మంది మాజీ స్కాటిష్ ఆటగాళ్ల మరణాలను పరిశీలించి, మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే అవకాశం వారిలో మూడున్నర రెట్లు ఎక్కువని చెప్పారు. ఇది దానం చేసిన మెదళ్ల మీద కాక, సాధారణ జనాభాతో పోల్చి చేసిన అధ్యయనం. కాబట్టి సాక్ష్యంగా బోస్టన్ అంకె కంటే దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. అయితే మరణ విచారణాధికారి మాట పౌర బాధ్యతను తేల్చదు, మరణ కారణాన్నే తేలుస్తుంది. ఈ తేడా మూట్‌లో అడుగుతారు.

అమెరికాలో ఉండి ఇది చదివే తెలుగు తల్లిదండ్రులకు: 2009లో వాషింగ్టన్ రాష్ట్రంతో మొదలై, 2014కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ స్కూలు క్రీడాకారుల తల దెబ్బల మీద చట్టాలు వచ్చాయి. చాలా రాష్ట్రాల్లో సీజన్ మొదట్లో మీతో ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. చదవకుండా పెట్టకండి. పాతతరం ఆటగాళ్లకు అందని సమాచారం అందులో ఉంది. అంతేకాదు, 'మాకు తెలియదు' అనే వాదన ఆ సంతకంతో చాలావరకు పోతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక తెలుగు తల్లి, కొడుకును దెబ్బ తగిలిన రోజే మళ్లీ మైదానంలోకి పంపారని ఏడ్చింది. ఆ కాగితంలో రెండో వాక్యమే అలా పంపకూడదని. తెలిసి ఉంటే ఆరోజే అడ్డుపడేదాన్నని అంది.

ఇక మీ మూట్. లీగ్ పక్షం వస్తే వోలెంటితో మొదలుపెట్టకండి, అది మీ బలహీనమైన చోటు. సామూహిక ఒప్పందంతో మొదలుపెట్టి, కాలపరిమితి మీదుగా కారణ సంబంధానికి రండి. గీ తీర్పును చివరికి దాచుకోండి. ఆటగాళ్ల పక్షం వస్తే వెబ్‌స్టర్ కన్నీటి కథతో మొదలుపెట్టకండి, జడ్జికి అది ముందే తెలుసు. 1994లో కమిటీ వేసిన రోజుతో మొదలుపెట్టి, 2007 కరపత్రంలోని మాటను చదివి వినిపించి, ఆ కరపత్రం చేతికి అందిన ఆటగాడు ఏ ప్రమాదానికి ఒప్పుకున్నట్లో చెప్పమని ఎదుటి పక్షాన్ని అడగండి. ఏ పక్షం వచ్చిందో ఇక్కడ రాస్తే, వాదన చిత్తుప్రతి చూసిపెడతాను.